టప్పెన్ గారిని లీజు అడగడం

ఏవ్రిల్ కట్‌బుష్ ఇరవై ఆరేళ్ళ పాటు హేస్టింగ్స్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా బస్సు నడిపింది. తాగి ఎక్కి పాటలు పాడేవాళ్ళను జబ్బ పుచ్చుకుని దింపేసేది. ఒకసారి కౌన్సిల్ మెంబరొకడు టికెట్టు కొనకుండా కూర్చుని, "నేనెవరో తెలుసా?" అని గుడ్లురిమితే, "తెలీదు నాయనా, ఇక్కడ దిగి ఎవర్నైనా అడిగి తెలుసుకో" అని వానలో తలుపు తెరిచింది. డిపోలో ఆమె నోటికి జడవనివాడు లేడు. అలాంటి మనిషికి, కింది వాటాలో ఉండే ఎనభై నాలుగేళ్ళ పెద్దాయన్ని ఒక్క మాట అడగడానికి వేసవంతా నోరు పెగల్లేదు.

ఆ పెద్దాయన డెస్మండ్ టప్పెన్. ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి పియానోలు శ్రుతి చేసేవారు. బెక్స్‌హిల్‌లో సముద్రానికి రెండు వీధులు వెనగ్గా ఉన్న ఆ ఎర్ర ఇటుకల ఇంట్లోనే పుట్టారు. భార్య పోయాక అంత ఇంటికి కప్పు వేయించడం, రంగులు కొట్టించడం తన వల్ల కాక, పంతొమ్మిదేళ్ళ కిందట పై అంతస్తును విడి వాటాగా చేసి ఏవ్రిల్‌కీ, ఆమె భర్త క్లైవ్‌కీ అమ్మారు. అమ్మారంటే ఇంగ్లండులో వాటాలు అమ్మే పద్ధతిలోనే అమ్మారు. కొన్నవాళ్ళు సొమ్మంతా పోస్తారు, తాళాలు చేతికొస్తాయి, గోడకి ఇష్టమొచ్చినన్ని మేకులు కొట్టుకోవచ్చు. కానీ నేల మాత్రం అమ్మినాయనదే, దానికి ఏటా కొద్దిపాటి అద్దె కట్టాలి. తొంభై తొమ్మిదేళ్ళు ఉండమని లీజు రాసిస్తాడు. గడువు తీరాక, మేకులకు తగిలించిన క్లైవ్ ఫోటో తప్ప, గోడలూ మేకులూ అంతా మళ్ళీ ఆయనదో, ఆయన వారసులదో అవుతుంది. ఈ పద్ధతి ఎవరు కనిపెట్టారో గాని, వాళ్ళకి ఇల్లు అమ్మడం ఇష్టం లేదు, డబ్బు వదులుకోవడం అంతకన్నా ఇష్టం లేదు.

ఆ ఇంటికి వచ్చిన నాలుగో ఏట క్లైవ్ గుండెపోటుతో పోయాడు. అప్పట్నుంచి పైన ఏవ్రిల్, కింద టప్పెన్ గారు. శుక్రవారం ఆమె వీధి చివర కొట్టు నుంచి వేయించిన చేపా, బంగాళాదుంప ముక్కలూ ఇద్దరికీ తెచ్చేది. మంగళవారం చెత్తడబ్బాలు రెండూ ఆయనే వీధిలోకి లాగి పెట్టేవారు. ఆమె పైన తుమ్మితే ఆయన కింద నుంచి "శతాయుష్షు" అనేవారు. అంత దగ్గరితనం ఉండి కూడా ఆయనకు ఆమె "కట్‌బుష్ గారు", ఆమెకు ఆయన "టప్పెన్ గారు". పేరు పెట్టి పిలుచుకోవాలన్న ఊహ ఇద్దరికీ రాలేదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. వచ్చిన మొదటి సంవత్సరం ఏవ్రిల్ జూన్ నెలలో కిందకి దిగి, కప్పు మరమ్మతు ఖర్చులో తన వాటా ఎంతని అడిగింది. టప్పెన్ గారు చెవుల దాకా ఎర్రబడిపోయారు. "ఇంటి సంగతులు మైకేల్మస్ నాడు మాట్లాడుకుందామండీ" అన్నారు. మైకేల్మస్ అంటే సెప్టెంబరు ఇరవై తొమ్మిది. పాతకాలం నుంచీ కౌళ్ళూ, అద్దెలూ చెల్లించే రోజు. లీజు మొదలైంది కూడా ఆ రోజునే. ఇక అదే ఆనవాయితీ అయిపోయింది. ఏటా ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ఏవ్రిల్ నేల అద్దె కవరులో పెట్టుకుని, తను కోసిన బ్లాక్‌బెర్రీ పళ్ళు కూరి కాల్చిన 'పై' పట్టుకుని దిగేది. ఆ రోజు దాటితే ఆ పళ్ళ మీద సైతాను ఉమ్మేస్తాడని ఈ పక్క చిన్నపిల్లలకు కూడా తెలుసు, అందుకని అదే ఆఖరి పై. ఆయన టీ పెట్టేవారు. కవరు తీసుకుని విప్పకుండా గడియారం వెనక దోపేవారు. అప్పుడు కప్పు అంచున వాననీరు పోయే గట్టర్ల గురించీ, మెట్ల మీది తివాచీ గురించీ ఒక పావుగంట మాట్లాడుకుని, హమ్మయ్య అనుకుని, మళ్ళీ ఏడాది దాకా డబ్బు మాట ఎత్తేవాళ్ళు కాదు.

ఇదంతా సాఫీగానే సాగేది, ఏవ్రిల్ తుంటి పాడవకపోతే. అన్నేళ్ళు ఒకే కాలితో బ్రేకు తొక్కిన ఫలితం అన్నాడు డాక్టరు. ఆపరేషన్‌కి వరుసలో నిలబెట్టాడు. ఆపరేషన్ అయినా సరే, అంత నిటారు మెట్లున్న ఇంట్లో ఉండకూడదన్నాడు. మెట్లెక్కడానికి ఏవ్రిల్‌కి ఇప్పుడు మెట్ల కమ్మీ పట్టుకుని, మధ్యలో ఆగి, దేవుణ్ణీ డాక్టర్నీ కలిపి తిట్టుకోవలసి వస్తోంది. పోల్‌గేట్‌లో ఉండే చెల్లెలు థెల్మా ఫోను చేసి, తన భవనంలోనే నేల అంతస్తు వాటా అమ్మకానికి వచ్చిందని చెప్పింది.

"మెట్టు ఒక్కటి కూడా లేదక్కా. గడప కూడా లేదు. దొర్లుకుంటూ వెళ్ళిపోవచ్చు. వాళ్ళు శీతాకాలం లోపల అమ్మేయాలంటున్నారు. నీది అమ్మెయ్యి."

ఏవ్రిల్ అమ్మకానికి పెట్టింది. ఇంటి ముందు బోర్డు మాత్రం పాతవద్దని ఏజెంటుకు గట్టిగా చెప్పింది. టప్పెన్ గారికి తనే చెప్పాలి కదా, బోర్డు చూసి తెలుసుకుంటే ఏం బాగుంటుంది? మూడు వారాల్లోనే బేరం కుదిరింది. ఆసుపత్రిలో నర్సు, ఆమె భర్త, చంకలో పాప. వంటింటి పసుపు గోడలు చూసి నర్సు మురిసిపోయింది. అంతా అయిందనుకునేసరికి వాళ్ళకి అప్పిచ్చే బ్యాంకు అడ్డం పడింది. లీజులో మిగిలిన ఏళ్ళు తమకు చాలవంది. పొడిగిస్తేనే అప్పు, లేకపోతే లేదు.

అలా ఏవ్రిల్ జులైలో లాయరు దగ్గరికి వెళ్ళింది. లాయరు పేరు గ్వెండా పాస్కో, చిన్న పిల్ల, తలలో పెన్సిలు గుచ్చుకుని మాట్లాడుతుంది.

"మీ లీజు పొడిగించడం మీ హక్కు ఏవ్రిల్ గారూ. ఆయన కాదనలేడు. ఇంకో తొంభై ఏళ్ళు కలుస్తాయి. కానీ తారీఖు చూసుకోవాలి. ఎనభై ఏళ్ళకు పైన మిగిలి ఉన్నప్పుడు నోటీసు ఇస్తే ఒక ధర. ఎనభైకి దిగాక ఇస్తే, పొడిగించడం వల్ల ఇంటికి పెరిగే విలువలో సగం కూడా నేల యజమానికి కట్టాలి. మీ విషయంలో దాదాపు రెట్టింపు అవుతుంది."

"రెట్టింపైతే చెల్లెలి పక్కనున్న ఇల్లు నేను కొనలేను తల్లీ."

"కొనలేరు. నేనూ లెక్కేశాను."

"ఎప్పుడు దిగుతుంది ఎనభైకి?"

"సెప్టెంబరు ఇరవై తొమ్మిది."

"మైకేల్మస్సా?" అని ఏవ్రిల్ కుర్చీలో వెనక్కి వాలింది.

"అవును. కాబట్టి ఈ వారమే నోటీసు పంపేద్దాం. ఇంకో సంగతి, పొడిగించాక నేల అద్దె ఉండదు. చట్టం ప్రకారం ఏడాదికి ఒక మిరియపు గింజ, అదీ ఆయన అడిగితేనే."

"మిరియపు గింజా?"

"పాత చట్టం భాష. ఏదో ఒకటి ఇచ్చినట్టుండాలని. ఎవరూ అడగరు."

ఏవ్రిల్‌కి నవ్వొచ్చింది, ఆ వెంటనే పోయింది. "నోటీసు వద్దు తల్లీ. ఆయన కింద వాటాలో ఉంటాడు. పెద్దమనిషి. కింద ఉన్న మనిషికి పోస్టులో చట్టం పంపిస్తే ఏం బాగుంటుంది? నేనే ఓ మాట చెవిన వేస్తాను, ఆ తర్వాత నువ్వు కాగితాలు రాసుకో."

పాస్కో పెన్సిలు తలలోంచి తీసి, మళ్ళీ గుచ్చుకుంది. ఈ ససెక్స్ జిల్లాలో ఓ మాట చెవిన వేయడానికి ఎంత కాలం పడుతుందో ఆ పిల్లకి తెలియదు, పాపం కార్న్‌వాల్ నుంచి వచ్చింది.

మొదటిసారి చిక్కుళ్ళ మిషతో దిగింది. టప్పెన్ గారు పెరట్లో కర్రలకు పాకించిన చిక్కుళ్ళు కోస్తున్నారు. సముద్రపు కాకులు ఈ ఏడు మరీ బరితెగించాయనీ, నిన్న ఎవరో ఆవిడ చేతిలోని ఐస్‌క్రీమ్ ఎత్తుకుపోయాయనీ చెప్పారు. ఏవ్రిల్ విని, అవునండీ అని, ఒక దోసిడి చిక్కుళ్ళు పట్టుకుని పైకొచ్చేసింది. రెండోసారి శుక్రవారం చేప తింటూ ధైర్యం చేసింది.

"టప్పెన్ గారూ, ఇంటి సంగతి ఒకటి..."

ఆయన చేతిలో ఫోర్కు ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. "గట్టర్లాండీ?"

ఏవ్రిల్ ఇంకో చేప ముక్క నోట్లో పెట్టుకుంది. "ఆ... గట్టర్లేనండీ."

మరుసటి వారం నిచ్చెన వేసుకుని ఒకతను వచ్చి, ఏ దోషమూ లేని గట్టర్లను శుభ్రంగా కడిగి పోయాడు.

మూడోసారి ఇంకా అన్యాయం. నర్సు, భర్త, పాప కొలతల టేపు పట్టుకుని కిటికీలు కొలుచుకోవడానికి వచ్చారు. తిరిగి వెళ్తుంటే టప్పెన్ గారు గుమ్మంలో ఎదురుపడ్డారు. చెప్పడానికి దేవుడిచ్చిన అవకాశం. ఏవ్రిల్ నోటి నుంచి మాత్రం "గ్యాసు వాళ్ళండీ, మీటరు చూసుకోడానికొచ్చారు" అన్న మాట వచ్చింది. నర్సు బిత్తరపోయింది. టప్పెన్ గారు టోపీ ఎత్తి గ్యాసు వాళ్ళకు నమస్కరించారు.

ఆ రాత్రి థెల్మా ఫోనులో విరగబడి నవ్వి, ఆపైన కోప్పడింది.

"సిగ్గు లేదుటే అక్కా? బస్సులో రౌడీల్ని దింపావు. ఆ బక్క ముసలాయన దగ్గర కొత్త పెళ్ళికూతురిలా మెలికలు తిరుగుతున్నావు. నోటీసు పంపించెయ్యి, పీడా పోతుంది."

"ఆయన మనసు నొచ్చుకుంటుందే."

"నీ తుంటి నొచ్చుకోవట్లేదా మరి?"

"అడగడం కాదే కష్టం. లీజు అడిగితే ఎందుకని అడుగుతాడు. అమ్ముతున్నానని చెప్పాలి. వెళ్ళిపోతున్నానని చెప్పాలి. ఆయనకెవరున్నారు? రెడింగ్‌లో మేనల్లుడు రాడరిక్ ఒకడు, క్రిస్మస్‌కి సాక్సు పంపిస్తాడు."

థెల్మా గొంతు తగ్గించింది. "నిన్ను వెళ్ళొద్దని ఆయన అన్నాడా ఎప్పుడైనా?"

"ఎలా అంటాడు? వెళ్తున్నానని నేను చెప్తే కదా."

సెప్టెంబరు చివరి శుక్రవారం పాస్కో తానే ఫోను చేసింది. నోటీసు టైపు చేసి బల్ల మీద పెట్టుకుంది. మధ్యాహ్నం మనిషి చేత ఇప్పించేస్తే సరిపోతుంది, సోమవారం మైకేల్మస్, ఆ రోజుకి పుణ్యకాలం దాటిపోతుంది అని తొందర పెట్టింది.

ఏవ్రిల్ ఫోను పట్టుకుని వంటింటి కిటికీలోంచి కిందకి చూసింది. టప్పెన్ గారు ఇద్దరి దుప్పట్లూ తాడు మీద ఆరేస్తున్నారు. ఆమె కాలు నొప్పి చూసి, ఆగస్టు నుంచి ఆమె బట్టలు కూడా తనే పెరట్లోకి మోస్తున్నారు.

"పంపకు తల్లీ" అంది. "సోమవారం మేం ఎలాగూ ఇంటి సంగతులు మాట్లాడుకుంటాం. ఒక్క రోజు తేడాకి పట్టుబట్టే మనిషి కాడాయన."

"మీరు కాదు, ఆయన కాదు ఏవ్రిల్ గారూ, చట్టం పట్టుబడుతుంది."

"మేమిద్దరం ఒప్పుకుంటే చట్టానికేం?"

"ఆయన ఒప్పుకుంటే" అంది పాస్కో.

అదీ ఏవ్రిల్ చేసిన పొరపాటు. తెలివితక్కువ మనిషి కాదు. కానీ ఈ దేశంలో జనం కొంప పోగొట్టుకోవడానికి సిద్ధపడతారు గాని, మాట్లాడకూడని రోజున మాట్లాడ్డానికి సిద్ధపడరు. అందరూ అంతే, పెద్ద చదువులు చదివినవాళ్ళూ అంతే.

సోమవారం నాలుగింటికి ఏవ్రిల్ కవరూ, పైయ్యీ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆచి తూచి దిగింది. ఈసారి పాత రైలుదారి పొదల్లోకి వెళ్ళి పళ్ళు కోయలేక బజారులో కొంది. టప్పెన్ గారు కోటు వేసుకుని, టై కట్టుకుని ఉన్నారు. టీ అప్పటికే పెట్టారు. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే ఆయనకు తెలిసిపోయింది.

"కొన్న పళ్ళు కదండీ?"

"కాలు మొరాయించిందండీ."

"అలాగా" అని ఆయన పళ్ళెం కింద పెట్టి, మళ్ళీ తీసుకుని, ముక్కంతా తినేశారు.

ఏవ్రిల్ కవరు బల్ల మీద పెట్టింది. గట్టర్ల మాట రాకముందే, బస్సు ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్కసారిగా గేరు వేసినట్టు మొదలుపెట్టింది. "టప్పెన్ గారూ, నాకు లీజు పొడిగించాలండీ."

ఆయన కప్పులోకి చూస్తూ, చాలా మెల్లగా అన్నారు. "నిన్న అడిగి ఉంటే మీకు తక్కువలో పోయేదండీ."

ఏవ్రిల్‌కి మొదట అర్థం కాలేదు. ఎనభై మాట తనింకా ఎత్తలేదు. ఆ తర్వాత అర్థమైంది.

"నిన్నా?" అంది. "నిన్నటి సంగతి మీకెలా తెలుసు?"

"రాడరిక్ చెప్పాడండీ. జులైలోనే. వాడు లెక్కల మనిషి కదా. మైకేల్మస్ దాకా నోరు మెదపకు మామయ్యా, ఆవిడ అడిగినా మాట మార్చెయ్యి అన్నాడు."

"గట్టర్లు!" అంది ఏవ్రిల్. "గట్టర్లాండీ అన్నారు మీరు! నేను నోరు తెరిస్తే గట్టర్లు అందించారు!"

"అవునండీ. కడిగించాను కూడా."

అప్పుడు ఏవ్రిల్ నోట బస్సు డ్రైవరు గొంతు వచ్చింది. పంతొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు. "డెస్మండ్!" అని కేకేసింది. ఆయన చేతిలో కప్పు అదిరి టీ ఒలికింది. "నేను అడగడానికి సిగ్గుపడ్డాను, నువ్వు నొచ్చుకుంటావని లాయరు నోరు నొక్కాను, నా చెల్లెలి చేత తిట్లు తిన్నాను. నువ్వేమో ఇక్కడ కూర్చుని రోజులు దొర్లిస్తున్నావా? డబ్బు కోసమా? నా బట్టలు ఆరేసి, నా చేప తిని, నా మీద డబ్బు చేసుకుందామనుకున్నావా?"

"రాడరిక్ డబ్బు కోసమే అన్నాడు" అన్నారు ఆయన. "నేను డబ్బు కోసం కాదు."

"మరెందుకు?"

టప్పెన్ గారు జేబురుమాలుతో బల్ల మీది టీ తుడిచారు. ఒకవైపు తుడిచి, మళ్ళీ అదే వైపు తుడిచారు. "ఏజెంటు కొట్టు కిటికీలో మీ వంటింటి ఫోటో చూశానండీ. పసుపు గోడలు. క్లైవ్ గారు వేసిన అర కూడా కనపడుతోంది. బ్రెడ్డు కొనడానికి వెళ్ళినవాణ్ణి బ్రెడ్డు కొనకుండా వచ్చేశాను. ఆ తర్వాత గ్యాసు వాళ్ళు వచ్చారు. ఈ మధ్య గ్యాసు వాళ్ళు చంటిపిల్లల్ని చంకనేసుకుని తిరుగుతున్నారు కాబోలు అనుకున్నాను."

ఏవ్రిల్ మొహం ఎర్రబడింది. ఈసారి కోపంతో కాదు.

"లీజు తరిగిపోతే ఎవరూ కొనరు అన్నాడు రాడరిక్. బ్యాంకులు అప్పివ్వవు అన్నాడు. అందుకే ఆవిడ ఎంతైనా కట్టక తప్పదని వాడి లెక్క. నాకేమో..." ఆయన ఆగి, చేతి రుమాలు మడతపెట్టారు. "నాకేమో, అయితే ఎవరూ కొనరు కదా, ఆవిడ ఇక్కడే ఉంటుంది కదా అనిపించింది. అంతే. సిగ్గుచేటు పని. అది నాకు తెలుసు. రోజూ తెలుసు."

"నా కాలు సంగతో?"

"అదీ తెలుసండీ. మీరు మెట్ల మధ్యలో ఎంతసేపు ఆగుతారో వింటూనే ఉంటాను. తెలిసీ చేశాను."

ఏవ్రిల్ లేచి వెళ్ళిపోదామనుకుంది, కానీ కుర్చీలోంచి ఒక్కసారిగా లేచే కాలు కాదది. కూర్చునే ఉండిపోయింది. తిట్టాలని నాలుక చివర ఎన్నో మాటలున్నాయి, డిపోలో నేర్చుకున్నవి, బాగా పనికొచ్చేవి. అవన్నీ పక్కన పెట్టింది.

"ఇన్నేళ్ళున్నాం" అంది చివరికి. "లాయరు తారీఖు వెనకాల దాక్కునే బదులు, ఒక్కసారి వెళ్ళొద్దని అడగొచ్చుగా."

"అడిగితే మీకు ఇబ్బంది కదండీ."

"ఇదేమైనా తక్కువ ఇబ్బందా?"

ఆయన కాదన్నట్టు తల ఊపారు. తర్వాత తలెత్తి, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా వీపు నిటారుగా పెట్టుకుని అన్నారు. "వెళ్ళకండి ఏవ్రిల్."

ఆ మాట కోసం తను ఎదురు చూస్తున్నట్టు ఏవ్రిల్‌కి అది విన్నాకే తెలిసింది. చాలా బాగుంది వినడానికి.  

"వెళ్తానండీ" అంది. "వెళ్ళాలి. ఈ మెట్లు నా వల్ల కాదు. ఇంకో శీతాకాలం ఎక్కానంటే మంచం మీద పడతాను, అప్పుడు నాకు మీరు గంజి కాచి పైకి మోయాలి, మీరు జారి పడతారు. పడితే ఇద్దర్నీ ఎవరెత్తుతారు? రాడరిక్కా?"

టప్పెన్ గారు నవ్వలేక నవ్వారు. "వాడు సాక్సు పంపిస్తాడు."

ఆయన లేచి, హాలులో ఉన్న ఫోను దగ్గరికి వెళ్ళారు. ఏవ్రిల్ చెప్పిన నెంబరు పెద్దగా ఒక్కో అంకే చదువుకుంటూ తిప్పారు. గ్వెండా పాస్కో ఆఫీసు కట్టేసి బయల్దేరబోతోందట. తన పేరు టప్పెన్ అనీ, ఆ ఇంటి నేల తనదేననీ, నిన్నటి ధరకే లీజు పొడిగించడానికి తనకు సమ్మతమనీ, రేపు ఉదయం వచ్చి సంతకం పెడతాననీ చెప్పారు. అవతల ఆ పిల్ల ఏదో పెద్దగా అడిగింది. "అవునమ్మా, నిన్నటిదే. మా మేనల్లుడికి చెప్పక్కర్లేదు. వాడికి నేను చెప్పుకుంటాను" అన్నారు.

తిరిగి వచ్చి కూర్చుని, బల్ల మీది కవరు ఏవ్రిల్ వైపు జరిపారు. "ఇంక ఇది ఉండదట కదండీ. మిరియపు గింజట."

"ఇది ఈ ఏటిది. మీదే. తీసుకోండి."

"వచ్చే ఏడు పైన ఉండేవాళ్ళు నాకేమీ బాకీ ఉండరు" అన్నారు ఆయన. "మైకేల్మస్‌కి కిందకి దిగవలసిన పని కూడా ఉండదు వాళ్ళకి."

అది నిజమేనని ఏవ్రిల్‌కీ తెలుసు. నర్సుకి రాత్రి డ్యూటీలుంటాయి, పాపకి పళ్ళు వస్తున్నాయి. పై చేసుకుని ముసలాయనతో కూర్చునే తీరిక వాళ్ళకెక్కడిది? నేను వచ్చి పోతూ ఉంటాను అని చెప్పబోయింది. పోల్‌గేట్ నుంచి బస్సులున్నాయి, ఆ దారి తనకు కంఠతా వచ్చు. కానీ ఆపరేషను, ఊతకర్రలు, వానా, చలీ గుర్తొచ్చాయి. ఇప్పుడే ఒక అబద్ధం బయటపడి ఉన్న బల్ల మీద ఇంకోటి పెట్టబుద్ధి కాలేదు. మిగిలిన పై మూత పెట్టి ఆయన అలమరలో ఉంచింది. చేత్తో బల్ల ఊతం పట్టుకుని లేచింది.

"వస్తాను డెస్మండ్."

"మంచిదండీ" అన్నారు ఆయన. ఆ ఒక్కసారి పేరు పెట్టి పిలవడంతో ఆయన బలమంతా అయిపోయినట్టుంది.

ఏవ్రిల్ మెట్ల కమ్మీ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. సగం దూరం వెళ్ళాక, మెట్టు మీద చతికిలబడి కూర్చుంది. కాలు ఆ సాయంత్రం చిత్రంగా ఏమీ నొప్పెట్టడం లేదు. కళ్ళ నీళ్ళు మాత్రం ఆగకుండా కారుతున్నాయి. చప్పుడు కాకుండా ఉండాలని కొంగులాంటిదేమీ లేక, స్వెట్టరు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

కింద తలుపు తెరుచుకుంది. ఆయన మెట్ల మొదట్లోకి వచ్చి నిలబడ్డారు. పైకి రాలేదు.

"కాలు నొప్పేనాండీ?" అని అడిగారు.

"కాలు నొప్పేనండీ" అంది ఏవ్రిల్.

ఆయన తలుపు వేసుకోలేదు. ఆమె లేచేదాకా అక్కడే నిలబడ్డారు.